థేమ్స్ ఒడ్డున కుకమ్

కుకమ్ ఇంగ్లండు ఆగ్నేయ భాగంలో, థేమ్స్ నది కుడిగట్టున ఉన్న గ్రామం. బర్క్‌షైర్ కౌంటీకి ఇది ఈశాన్యపు అంచు. నది దాటితే అవతల బకింగమ్‌షైర్. లండన్ నడిబొడ్డు నుంచి పడమరగా నలభై కిలోమీటర్లు దాటాక, మెయిడెన్‌హెడ్ పట్టణానికి ఉత్తరాన ఐదు కిలోమీటర్ల దూరంలో ఈ ఊరు వస్తుంది. పాలన విండ్సర్, మెయిడెన్‌హెడ్ రాయల్ బరో చేతిలో ఉంది. ఊరి స్థాయిలో పారిష్ కౌన్సిల్ ఉంటుంది, మన గ్రామ పంచాయతీ వంటిది. పారిష్ మొత్తం జనాభా ఆరు వేల లోపే.

ఇంత చిన్న ఊరికి ఇంగ్లండు చరిత్రలో ఇంత పెద్ద చోటు దొరకడానికి కారణం నది. ఇక్కడి ఒడ్డు కోసం రాజ్యాలు తగవులాడాయి, మఠాధిపతులు వ్యాజ్యాలు నడిపారు, వంతెన కట్టిన కంపెనీ దాటిన ప్రతివారి దగ్గరా సుంకం వసూలు చేసింది. ఒక చిత్రకారుడు ఇదే స్వర్గమని నమ్మి జీవితమంతా ఇక్కడి వీధులనే గీశాడు. పన్నెండు వందల ఏళ్లుగా కుకమ్ కథ ఒకే ప్రశ్న చుట్టూ తిరిగింది: ఈ ఒడ్డు ఎవరిది?

కుకమ్ అనే పేరు కింద నిజానికి మూడు ఊళ్లున్నాయి. నదిని ఆనుకుని, చర్చి చుట్టూ, ఒకే ఒక పెద్ద వీధితో ఉన్నది పాత ఊరు. పడమటి గుట్టల మీద, ఒకప్పుడు చెర్రీ తోటలకు పేరుపడ్డది కుకమ్ డీన్. ఈ రెండింటి మధ్య రైలు వచ్చాక పెరిగినది కుకమ్ రైజ్. పాత ఊరికీ రైజ్‌కూ మధ్య కుకమ్ మూర్ అనే పల్లపు పచ్చిక బయలు పరుచుకుని ఉంటుంది.

నది, లంకలు, పచ్చిక

మార్లో వైపు నుంచి తూర్పుగా వచ్చే థేమ్స్ కుకమ్ దగ్గర దక్షిణానికి మళ్లుతుంది. ఆ మలుపులో నది పాయలుగా చీలి, కొంత దూరం పోయాక మళ్లీ కలుస్తుంది. పాయల మధ్య లంకలు. వీటిలో సాషెస్, ఫార్మోజా, ఆడ్నీ ముఖ్యమైనవి. సముద్రపు పోటు తగలని ఎగువ థేమ్స్‌లోని పెద్ద లంకల్లో ఫార్మోజా ఒకటి. 18వ శతాబ్ది చివర్లో అక్కడ ఇల్లు కట్టుకున్న నౌకాదళాధికారి సర్ జార్జ్ యంగ్, 1778లో ఇంగ్లీషువారు ఫ్రెంచివారి నుంచి పుదుచ్చేరిని పట్టుకున్న యుద్ధంలో పనిచేసినవాడు. మన కోరమాండల్ తీరం నుంచి తిరిగి వెళ్లిన మనిషి చివరికి ఈ లంకలో స్థిరపడ్డాడు.

సాషెస్ లంక కథ ఇంకా పాతది. 9వ శతాబ్దంలో వైకింగుల పడవలు నదుల వెంట లోతట్టుకు చొచ్చుకు వచ్చేవి. వారిని ఆపడానికి వెసెక్స్ రాజు ఆల్ఫ్రెడ్, ఆయన వారసులు కోటల వరుస కట్టించారు. ఏ కోటకు ఎంత భూమి మీది మనుషులు కాపలా కాయాలో చెప్పే ఒక జాబితా మిగిలింది. అందులో వెయ్యి హైడ్ల భూమి లెక్కన రాసి ఉన్న ఒక కోటను చరిత్రకారులు సాషెస్ లంకగా గుర్తించారు. ఒక హైడ్ అంటే ఒక కుటుంబాన్ని పోషించగల భూమి. నదిని కాపాడితేనే రాజ్యం నిలుస్తుందని ఆనాటివారికి తెలుసు. ఈ లంక నదికి బిరడా లాంటిది.

ఊరికి ఎగువన కాక్ మార్ష్ అనే చిత్తడి బయలు ఉంది. కంచు యుగపు సమాధి దిబ్బలు అక్కడ ఇప్పటికీ గుండ్రంగా ఎత్తుగా కనిపిస్తాయి. దిబ్బల వెనక వింటర్ హిల్ సుద్దరాతి వాలు నిటారుగా లేస్తుంది. ఆ బయలులోని నీటి గుంటల అంచున బ్రౌన్ గాలింగేల్ అనే మొక్క పెరుగుతుంది. మన పొలాల్లో కలుపని పీకి గట్టున పారేసే తుంగకు ఇది దగ్గరి చుట్టం. ఇంగ్లండులో మాత్రం చాలా అరుదు. 1272 నుంచి కాక్ మార్ష్ ఊరుమ్మడి మేత భూమి. ఆ సంగతి చివర్లో మళ్లీ వస్తుంది.

నది ఇచ్చినట్టే తీసుకుంటుంది కూడా. 1947లో, 2003లో, 2014లో థేమ్స్ పొంగి మూర్‌ను ముంచింది, రోడ్లను మింగింది. ఇక్కడ వరద గోదావరి వరదలా ఉరుముతూ రాదు. శీతాకాలం వానలకు నేల నీరు తాగలేని స్థితికి వచ్చాక, నది మెల్లగా పచ్చిక మీదికి పాకి, రోజుల తరబడి కదలకుండా కూర్చుంటుంది. మూర్ మీదుగా ఎత్తుగా కట్టిన కాలిబాట ఒకటుంది. కింద రోడ్డు మునిగినప్పుడు రైజ్ నుంచి పాత ఊరికి నడిచి రావడానికి అదే దిక్కు. దాన్ని కట్టినవారు నది స్వభావం ఎరిగినవారు.

రాణి మఠం

కుకమ్ చరిత్రలో నాకు అన్నిటికన్నా గొప్పగా తోచేది 8వ శతాబ్దపు భూ తగాదా. దొంగిలించిన దస్తావేజులు, పశ్చాత్తాపపడిన రాజు, భర్త పోయిన రాణి, పట్టువిడవని ఆర్చిబిషప్పు, అన్నీ అందులో ఉన్నాయి.

అప్పట్లో ఇంగ్లండు ఒకే రాజ్యం కాదు. థేమ్స్‌కు ఉత్తరాన మెర్సియా, దక్షిణాన వెసెక్స్. కుకమ్ సరిగ్గా ఆ రెండింటి ఎల్ల మీద ఉంది. ఇక్కడ ఒక మఠం ఉండేది. మెర్సియా రాజు ఎథెల్‌బాల్డ్ ఆ మఠాన్ని, దాని భూములను కాంటర్‌బరీ ఆర్చిబిషప్పు పీఠానికి దానం చేసి పత్రం రాసిచ్చాడు. ఆర్చిబిషప్పు కత్‌బర్ట్ చనిపోయాక ఆయన శిష్యులిద్దరు ఆ పత్రాలను దొంగిలించి వెసెక్స్ రాజు సినెవుల్ఫ్‌కు అప్పగించారు. పత్రం ఎవరి చేతిలో ఉంటే భూమి వారిదే అయిన కాలం. సినెవుల్ఫ్ మఠాన్ని సొంతం చేసుకున్నాడు. తర్వాత మెర్సియా రాజు ఆఫా అతని చేతిలోంచి కుకమ్‌ను లాక్కున్నాడు. సినెవుల్ఫ్ పశ్చాత్తాపపడి పత్రాలను కాంటర్‌బరీకి తిప్పి పంపాడు. అంటే కాగితం ఒకరి దగ్గర, నేల ఇంకొకరి దగ్గర. ఆఫా కాగితం లేకుండానే బతికినంతకాలం అనుభవించి, తన వారసులకు వదిలి 796లో పోయాడు.

ఆఫా భార్య సినెథ్రిత్ మామూలు రాణి కాదు. తన పేరుతో, తన ముఖచిత్రంతో వెండి నాణేలు వెలువడిన ఆంగ్లో సాక్సన్ రాణి చరిత్రలో ఆమె ఒక్కతే. భర్త చనిపోయాక ఆమె సన్యసించి కుకమ్ మఠాధిపతి అయింది. 798లో క్లోవెషో అనే చోట జరిగిన సభలో కాంటర్‌బరీ ఆర్చిబిషప్పు ఎథెల్‌హార్డ్ పాత పత్రాలు ముందు పెట్టి కుకమ్ తమదన్నాడు. చివరికి రాజీ కుదిరింది. కెంట్ ప్రాంతంలో తనకున్న భూములను ఆమె కాంటర్‌బరీకి ఇచ్చింది. బదులుగా కుకమ్ మఠం ఆమెకు దక్కింది. కాంటర్‌బరీకి దగ్గరి భూములు కలిసివచ్చాయి, రాణికి నది దక్కింది. దూరపు కెంట్ భూములకన్నా ఈ ఒడ్డే ఎక్కువని ఆమె లెక్క వేసుకుందంటే, థేమ్స్ మీద ఈ రేవుకు ఎంత విలువ ఉండేదో తెలుస్తుంది.

ఇదంతా పత్రాల్లో ఉన్న సంగతి. ఆ మఠం ఎక్కడుండేదో మాత్రం చాలాకాలం ఎవరికీ తెలియలేదు. 2021 ఆగస్టులో రెడింగ్ విశ్వవిద్యాలయం తరఫున గాబర్ థామస్ నాయకత్వంలో, ఇప్పటి హోలీ ట్రినిటీ చర్చి పక్కనున్న ఖాళీ నేలలో తవ్వకం జరిగింది. కర్రతో కట్టిన భవనాల ఆనవాళ్లు, తిండికి వాడిన జంతువుల ఎముకలు, కుండపెంకులు, ఒక సన్నని కంచు కంకణం, బట్టలకు గుచ్చుకునే పిన్ను బయటపడ్డాయి. మఠం అంటే ప్రార్థన మందిరం ఒక్కటే కాదు. వండుకునే చోటు, పనిచేసే చోటు, నదిమీద వచ్చే సరుకు దిగే చోటు, అన్నీ కలిసిన చిన్న ఊరు అది. పన్నెండు శతాబ్దాలు చర్చికి వచ్చేపోయేవాళ్లు దాని పక్కనుంచే నడిచారు.

రాజుల భూమి, ఊరి రాయి

మఠం తర్వాత కుకమ్ రాచభూమి అయింది. 10వ శతాబ్ది చివర, ఎథెల్‌రెడ్ రాజు కాలంలో, రాజ్యంలోని పెద్దల సభ ఇక్కడ కూడింది. 1086 నాటి డూమ్స్‌డే భూమి లెక్కలో కుకమ్ రాజు విలియం సొంత భూమిగా నమోదైంది. రెండు మరలు, రెండు చేపల రేవులు, కొత్తగా వెలసిన ఒక అంగడి ఆ లెక్కలో కనిపిస్తాయి. నీటితో తిరిగే మర, నీటిలో పట్టే చేప, నీటి మీద వచ్చే సరుకు. మూడింటికీ మూలం నదే.

చర్చి మాత్రం రాజు చేతిలో లేదు. తర్వాతి కాలంలో అది సైరెన్సెస్టర్ మఠం కిందికి వెళ్లి, 16వ శతాబ్దంలో 8వ హెన్రీ మఠాలను రద్దు చేసేదాకా అలాగే ఉంది. ఇప్పుడున్న హోలీ ట్రినిటీ కట్టడంలో పాత భాగాలు 12వ శతాబ్దం నాటివి. ఆ శతాబ్దంలోనే చర్చి గోడకు ఆనించిన చిన్న గదిలో ఒక సన్యాసిని లోకంతో పొత్తు విడిచి జీవించింది. గోపురం మీద గడియారమూ ఉంది, ఎండ గడియారమూ ఉంది. లోపల జాన్ ఫ్లాక్స్‌మన్ చెక్కిన ఒక ఫలకం చూడదగ్గది. 1810లో సర్ ఐజాక్ పోకాక్ అనే పెద్దమనిషి థేమ్స్ మీద పడవలో వెళ్తూ ప్రాణం విడిచాడు. ఆ దృశ్యమే, అడుగు చదునుగా ఉన్న ఆ పడవతో సహా, పాలరాతిలో ఉంది. చావును కూడా నది మీదే చూపిన చర్చి ఇది.

ఊరి మధ్య రోడ్డు పక్కన మొరటుగా కనిపించే ఒక బండరాయి ఉంటుంది. దాని పేరు టారీ స్టోన్. ఒకప్పుడు సైరెన్సెస్టర్ మఠం భూమికి హద్దురాయి అంటారు. 1507కు ముందు దీని దగ్గర ఊరి ఆటలు జరిగేవి. ఒక దశలో దాన్ని అక్కడి నుంచి తీసేస్తే, 1909లో పారిష్ కౌన్సిల్ వెనక్కి తెచ్చి నిలబెట్టింది. హద్దురాయికి గుడిరాయికి ఇచ్చినంత గౌరవం ఇచ్చిన ఊరు ఇది.

బల్లకట్టు, లాకు, వంతెన, రైలు

19వ శతాబ్దం దాకా థేమ్స్ ఇక్కడి జాతీయ రహదారి. పెద్ద సరుకు పడవలను గట్టు మీద నడిచే గుర్రాలు తాళ్లతో లాగేవి. కుకమ్ దగ్గర గట్టు భూములు రకరకాల దొరల చేతుల్లో ఉండడంతో, గుర్రాల దారి ఒక ఒడ్డు నుంచి ఇంకో ఒడ్డుకు మూడుసార్లు మారేది. మారిన ప్రతిచోటా గుర్రాన్ని బల్లకట్టు మీద ఎక్కించి దాటించాలి. ఆ బల్లకట్లు ఇప్పుడు లేవు. అందుకే థేమ్స్ వెంట నడిచేవాళ్ల కాలిబాట కుకమ్ దిగువన కొంతదూరం నదిని వదిలి లోపలి నుంచి వెళ్తుంది.

1830లో సాషెస్ లంక మీదుగా కొత్త కాలువ తవ్వి లాకు కట్టారు. ధవళేశ్వరం లాకులు చూసినవారికి దీని పనితీరు వేరే చెప్పనక్కరలేదు. ఎగువకు ఒక తలుపు, దిగువకు ఒక తలుపు, మధ్యలో పడవ నిలిచే తొట్టి. నీటిమట్టం పెంచుతూ, దించుతూ పడవను అటూ ఇటూ దాటిస్తారు. కొత్త కాలువ రావడంతో పడవలు పాత పాయను వదిలేశాయి. ఆ పాయ మీద హెడ్సర్‌లో సొంత రేవు ఉన్న లార్డ్ బోస్టన్ రాబడి పోయిందని గొడవపడి పరిహారం పుచ్చుకున్నాడు. ఒడ్డు ఎవరిదన్న పాత ప్రశ్న ఈసారి కోర్టు భాష మాట్లాడింది.

1840లో ఒక కంపెనీ నది మీద కర్ర వంతెన కట్టి, దాటేవారి దగ్గర సుంకం తీసుకుంది. కర్ర పాతబడ్డాక 1867లో ఇనుప వంతెన వచ్చింది. దాని ఖర్చు 2,520 పౌండ్లు. అంత పొడవున థేమ్స్ మీద అంత చవగ్గా కట్టిన వంతెన ఇంకొకటి లేదని చెప్పుకుంటారు. చవకదైనా అందం తగ్గలేదు. నీలం రంగు కమ్మీలతో సన్నగా, నీటి మీద గీత గీసినట్టుంటుంది. 1947లో బర్క్‌షైర్ కౌంటీ కౌన్సిల్ 30,000 పౌండ్లిచ్చి వంతెనను కొని సుంకం ఎత్తేసింది. కట్టిన ఖర్చుకు పన్నెండు రెట్లు. సుంకం వసూలు చేసిన చిన్న ఇల్లు మాత్రం వంతెన మొదట్లో ఇప్పటికీ ఉంది. వంతెన ఇరుకు. సిగ్నలు దీపం ఒకసారి ఒక వైపు బళ్లనే వదులుతుంది.

రైలు 1854లో వచ్చింది. మెయిడెన్‌హెడ్ నుంచి హై వికమ్ దాకా వేసిన ఆ లైనులో బోర్న్ ఎండ్ అవతలి భాగం 1970లో మూతపడింది. మిగిలిన ముక్క మార్లో దాకా నడుస్తోంది. రైలుతో లండన్ జనం వచ్చారు. విక్టోరియా రాణి కాలపు చివరి దశకాల్లో ఎండాకాలపు ఆదివారాలు ఇక్కడి నది మీద పడవకు పడవ తగిలేంత రద్దీ. ఊరి పడవ పందాలు చూడడానికి గట్ల మీద జనం కిక్కిరిసేవారు. జెరోమ్ కె. జెరోమ్ 1889లో ప్రచురించిన పడవ ప్రయాణపు హాస్య నవలలో ఈ నీటి దారి అందాన్ని ప్రత్యేకంగా మెచ్చుకున్నాడు.

పిల్లల సాహిత్యంలోనూ ఈ ఒడ్డుకు వాటా ఉంది. కెన్నెత్ గ్రేయమ్‌కు ఐదేళ్ల వయసులో, 1864లో, తల్లి చనిపోయింది. పిల్లలను కుకమ్ డీన్‌లోని అమ్మమ్మ ఇంటికి పంపారు. అక్కడ చర్చిలో పనిచేసే మేనమామ వాళ్లను నది మీదికి తీసుకెళ్లేవాడు. ఉన్నది రెండేళ్లే. పెద్దయ్యాక బ్యాంక్ ఆఫ్ ఇంగ్లండులో పెద్ద ఉద్యోగి అయి, 1906లో కొడుకుతో మళ్లీ కుకమ్ డీన్‌కే వచ్చి కాపురం పెట్టాడు. నీటెలుక, చుంచు, కప్ప నడిపించే 'ద విండ్ ఇన్ ద విల్లోస్' 1908లో అచ్చయింది. తల్లిలేని పిల్లవాడికి నది చూపిన ఆదరణ ఆ పుస్తకం నిండా ఉంది.

హంసల లెక్క

ఏటా జులై మూడో వారంలో, ఎర్ర చొక్కాలు వేసుకున్న రాజుగారి మనుషులు తెడ్లు వేసుకుంటూ కుకమ్ మీదుగా సాగుతారు. దీన్ని స్వాన్ అప్పింగ్ అంటారు. థేమ్స్ మీది హంసల్లో గుర్తు లేనివన్నీ రాజుగారివని చట్టం. 15వ శతాబ్దం నుంచి లండన్ నగరపు ద్రాక్షసారా వర్తకుల సంఘానికి, బట్టలకు రంగులద్దేవారి సంఘానికి కూడా వాటిలో భాగముంది. ఒకప్పుడు హంస విందు వంటకం, అందుకే ఇన్ని హక్కులు. పడవలు హంసల కుటుంబాన్ని చుట్టుముడతాయి, తల్లిదండ్రుల గుర్తును బట్టి పిల్లలు ఎవరివో తేలుస్తారు. పూర్వం ముక్కు మీద గాట్లు పెట్టేవారు. ఇప్పుడు కాలికి కడియం వేస్తారు. పిల్లలను తూచి, కొలిచి, చేపల గాలాలు గుచ్చుకున్నాయేమో చూసి వదిలేస్తారు. తినడానికి మొదలైన లెక్క బతికించడానికి పనికొస్తోంది.

ఈ వ్యవహారంతో కుకమ్‌కు ఇంటి సంబంధం. ఊరి వంతెన దగ్గర పడవల షెడ్డు నడిపిన టర్క్ కుటుంబం 20వ శతాబ్దంలో రెండు తరాలు రాజుగారి హంసల అధికారులుగా పనిచేసింది. ఆ షెడ్డునే, అక్కడికి మోసుకొచ్చిన హంసలనే, స్టాన్లీ స్పెన్సర్ 1915లో గీయడం మొదలుపెట్టాడు.

స్పెన్సర్ ఊరు

స్టాన్లీ స్పెన్సర్ 1891 జూన్ 30న కుకమ్ పెద్ద వీధిలోని ఫెర్న్‌లీ అనే ఇంట్లో పుట్టాడు. తండ్రి పియానో పాఠాలు చెప్పేవాడు, నది అవతల హెడ్సర్ చర్చిలో ఆర్గాన్ వాయించేవాడు. తల్లి వీధిలోని మెథడిస్టు ప్రార్థనా మందిరానికి వెళ్లేది. ఇంటినిండా పిల్లలు, సంగీతం, బైబిలు చదువు. స్టాన్లీ బడికి వెళ్లింది పక్కింటికే, అక్కలే టీచర్లు. 1908లో లండన్‌లోని స్లేడ్ చిత్రకళా విద్యాలయంలో చేరాడు. రోజూ సాయంత్రం టీ వేళకు రైలెక్కి ఇల్లు చేరేవాడు. ఎంతసేపూ ఊరి మాటే. తోటి విద్యార్థులు అతని పేరు మానేసి 'కుకమ్' అనే పిలిచారు.

హంసల బొమ్మ సగంలో ఉండగా మొదటి ప్రపంచ యుద్ధం పిలిచింది. సైనిక ఆస్పత్రిలో సేవకుడిగా బ్రిస్టల్ వెళ్లాడు, అక్కడి నుంచి మాసిడోనియా యుద్ధరంగానికి. అన్న సిడ్నీ 1918లో ఫ్రాన్స్‌లో చనిపోయాడు. స్టాన్లీ తిరిగి వచ్చేసరికి పడకగదిలో ఆ బొమ్మ వదిలివెళ్లినట్టే గోడకు ఆనించి ఉంది. దాన్ని 1919లో పూర్తిచేశాడు. పైభాగం యుద్ధానికి ముందుది, కింది భాగం తర్వాతిది. ఇప్పుడది లండన్ టేట్ మ్యూజియంలో ఉంది. ఊరి నది ఒకే పటంలో రెండు కాలాల మధ్య పారుతున్న బొమ్మ ఇంకొకటి నేను చూడలేదు.

స్పెన్సర్ నమ్మకం సూటిది. బైబిల్లో జరిగినవన్నీ కుకమ్‌లోనే జరగగలవు. క్రీస్తు శిలువ మోస్తూ నడిచింది ఫెర్న్‌లీ ముందునుంచే, కిటికీల్లోంచి ఊరివాళ్లు చూస్తుండగా. కడరాత్రి భోజనం ఊళ్లో బార్లీ నానబెట్టే ఎర్రటి ఇటుక గాదెలో. అన్నిటికన్నా పెద్దది 1924 నుంచి 1927 దాకా గీసిన 'ద రిసరెక్షన్, కుకమ్'. వెడల్పు ఐదున్నర మీటర్లు. తీర్పు దినాన సమాధులు తెరుచుకుని జనం లేస్తారని క్రైస్తవుల విశ్వాసం. స్పెన్సర్ బొమ్మలో ఆ సమాధులు హోలీ ట్రినిటీ చర్చి ఆవరణలోవి. లేచేవాళ్లు భయంతో లేవరు, ఎండ పొద్దున నిద్రలేచినట్టు తాపీగా, ఆవులిస్తూ, పక్కవాళ్ల బట్టలు దులుపుతూ లేస్తారు. భార్య హిల్డా అందులో ఒకటి కంటే ఎక్కువ చోట్ల ఉంది. ఎడమవైపు పైన థేమ్స్ మీద విహారపు పడవ, లేచినవాళ్లను ఎక్కించుకుని పోతోంది. ఊరివాళ్ల స్వర్గారోహణ కూడా ఆదివారపు పడవ షికారే. ఈ బొమ్మ గీసింది మాత్రం కుకమ్‌లో కాదు, లండన్ హాంప్‌స్టెడ్‌లో. ఊరు కళ్లముందు లేకపోయినా చేతికి వచ్చేసింది.

1935లో లండన్‌లోని కళాసంస్థ రాయల్ అకాడమీ అతని రెండు చిత్రాలను నిరాకరించడంతో సభ్యత్వం వదులుకున్నాడు. పెళ్లిళ్ల చిక్కులు, అప్పులు జీవితాన్ని నలిపాయి. వృద్ధాప్యంలో పాత పిల్లల తోపుడు బండిలో రంగులు, కాన్వాసు, గొడుగు వేసుకుని ఊళ్లో ఎక్కడ పడితే అక్కడ నిలబడి గీసేవాడు. పలకరించి పని చెడగొట్టవద్దని ఒక అట్ట కూడా తగిలించుకునేవాడు. చివరి పెద్ద చిత్రం కుకమ్ పడవ పందాల్లో క్రీస్తు బోధించడం. పాత గుర్రపు బల్లకట్టులో పేము కుర్చీ మీద కూర్చున్న క్రీస్తు, గట్టు మీద ఊరివాళ్లు. అది పూర్తికాకుండానే, సర్ బిరుదు వచ్చిన 1959లోనే, డిసెంబర్ 14న నది అవతలి క్లివ్‌డెన్ ఆస్పత్రిలో పోయాడు.

ఊరివాళ్ల చేతిలో

స్పెన్సర్ చనిపోయిన మూడేళ్లకు, 1962లో, అతను చిన్నప్పుడు తల్లితో వెళ్లిన మెథడిస్టు మందిరం అతని పేరిట చిత్రశాల అయింది. ఒకే కళాకారుడి కోసం అతని సొంత ఊళ్లోనే వెలసిన ఇలాంటి చిత్రశాలలు ఇంగ్లండులో తక్కువ. పూర్తికాని పడవ పందాల చిత్రం అక్కడుంది. తోపుడు బండి కూడా ఉంది. టిక్కెట్టిచ్చేదీ, బొమ్మల సంగతి చెప్పేదీ జీతం లేని ఊరివాళ్లు. 1967లో మొదలైన కుకమ్ కళోత్సవం రెండేళ్లకోసారి జరుగుతుంది. చర్చి, బడులు, పబ్బులు, వరండాలు అప్పుడు వేదికలు.

నదిలోని ఇంకో లంక కథ వేరు. ఆడ్నీ పక్కనున్న భవనాన్ని 1926లో జాన్ స్పెడన్ లూయిస్ కొన్నాడు. ఇంగ్లండులో పేరున్న జాన్ లూయిస్ దుకాణాల యజమాని అతను. తన దుకాణాల్లో పనిచేసేవారిని భాగస్వాములను చేసిన మనిషి. ఆ తోటలు, ఆ నది ఒడ్డు ఉద్యోగుల విశ్రాంతికి ఇచ్చాడు. ఇప్పటికీ వారివే.

ఊరి ఉమ్మడి భూముల విషయం అన్నిటికన్నా ముఖ్యం. ఇంగ్లండులో ఉమ్మడి బయలు అంటే నేల దొరది, మేత ఊరిది. ఊరివాళ్లు ఆవులను తోలుకోవచ్చు, పుల్లలు ఏరుకోవచ్చు. హద్దు దాటిన పశువును బందెలదొడ్డిలో పెట్టేవారు. కుకమ్‌లో ఆ దొడ్డి లేకపోయినా ఆ పేరుతో రోడ్డుంది. 18, 19 శతాబ్దాల్లో ఇంగ్లండంతటా ఇలాంటి బయళ్లకు కంచెలు వేసి సొంతం చేసుకున్నారు. లక్షల ఎకరాలు అలా పోయాయి. 20వ శతాబ్దంలో లండన్ పెరుగుతూ థేమ్స్ ఒడ్డు ఇళ్ల స్థలాల ధరకు వచ్చేసరికి, మిగిలిన బయళ్లకూ ప్రమాదం వచ్చింది. 1934లో కుకమ్, మెయిడెన్‌హెడ్ ప్రాంతాల జనం చందాలు వేసుకుని మేనర్ అనే దొర ఆస్తి కింద ఉన్న ఉమ్మడి భూములను కొన్నారు. కొని, ఎప్పటికీ అమ్మడానికి వీల్లేకుండా, ఇలాంటి స్థలాలను కాపాడే సంస్థ నేషనల్ ట్రస్టు చేతిలో పెట్టారు. సుమారు 840 ఎకరాలు. కుకమ్ మూర్, కాక్ మార్ష్, వింటర్ హిల్ అందులోవే. రాణి సినెథ్రిత్ కెంట్ భూములిచ్చి ఈ ఒడ్డును తన పేరిట నిలుపుకుంది. ఊరివాళ్లు చందాలిచ్చి అందరి పేరిట నిలిపారు. రెండో బేరమే మేలైనదని నా అభిప్రాయం.

ఇప్పుడు ఊళ్లో ఇళ్ల ధరలు మామూలు జీతగాళ్లకు అందవు. పొద్దున్నే రైజ్ స్టేషనులో లండన్ ఉద్యోగులు నిలబడతారు. వ్యవసాయం మీద బతికేవారు బహుతక్కువ. అయినా మూర్ మీద ఇల్లు లేవలేదు, నది గట్టు మీద గేటు పడలేదు.

లండన్‌లో ఉంటున్న తెలుగువారు పాడింగ్టన్‌లో రైలెక్కి మెయిడెన్‌హెడ్‌లో మారితే కుకమ్ చేరవచ్చు. చిత్రశాల చూసి, చర్చి ఆవరణలో స్పెన్సర్ పేరున్న చిన్న రాయి దగ్గర కాసేపు నిలబడి, నది వెంట ఎగువకు అరగంట నడవండి. కంచు యుగపు దిబ్బల చుట్టూ, 1272లో లాగే, కాక్ మార్ష్ మీద పశువులు మేస్తుంటాయి.